సామ్యేల్ ఊదని ఈల

బొగ్గుబావిలో పనికి చేరిన రోజున, పేర్లు రాసుకునే గుమాస్తా తల ఎత్తకుండానే "పేరేంది?" అని అడిగాడు. సామ్యేల్ నోరు తెరిచాడు. "సా… సా…" దగ్గరే మాట ఆగిపోయింది. వెనక వరుసలో మనుషులు తోసుకుంటున్నారు. గుమాస్తా కాసేపు చూసి, విసుగ్గా "సాయిలు" అని రాసేసి, "జరుగు, జల్ది" అన్నాడు. గోదావరిఖనిలో కొత్త బావులు తెరుస్తున్న రోజులవి. బెల్లంపల్లి నుంచి సామ్యేల్‌గా బయలుదేరినవాడు ఇక్కడికి వచ్చి సాయిలు అయిపోయాడు. అది తన పేరు కాదని చెప్పాలంటే మళ్లీ అదే గుమాస్తా ముందు అదే మాటతో కుస్తీ పట్టాలి. అందుకని ఊరుకున్నాడు.

మరుసటి ఏడాది పెళ్లయి యేసమ్మ కాపురానికి వచ్చింది. పక్క క్వార్టరు ఆడవాళ్లు "సాయిలు పెండ్లామా?" అని పలకరించేసరికి ఆమెకు అర్థం కాలేదు. సంగతి తెలిశాక మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"నేను సామ్యేలును చేసుకున్న. గీ సాయిలు ఎవలు? మీ పుస్తకంల నా సామ్యేలును చూపియ్యుండ్రి, లేకుంటె నేను మా అవ్వగారింటికి పోత" అంది గుమాస్తాతో. గదిలో అందరూ నవ్వారు. పేరు ఆ పూటే మారింది.

ఆ రోజు నుంచి సామ్యేల్‌కు యేసమ్మే నోరు. బజారులో బేరం ఆమెదే, దవాఖానలో జ్వరం సంగతి చెప్పేదీ ఆమే, చర్చిలో పాస్టరుగారు ఏదైనా అడిగితే జవాబిచ్చేదీ ఆమే. ఆయన పక్కన నిలబడి తల ఊపేవాడు. చిత్రమేమిటంటే పాట పాడితే ఆయనకు నత్తి ఉండేది కాదు. ఆదివారం రేకుల షెడ్డు చర్చిలో గొంతెత్తి పాడేవాడు. పాట అయిపోయాక పక్కవాడు "మంచిగ పాడినవ్ సామ్యేలన్నా" అంటే మాత్రం నవ్వి ఊరుకునేవాడు.

మొదట్లో ఆయనది బావిలోపల పట్టాల మీద బొగ్గు నింపిన ఇనుప టబ్బులు తోసే పని. ఒకనాడు పై నుంచి ఒక టబ్బు కొక్కెం ఊడి వెనక్కి జారడం చూశాడు. కింద పట్టాల మధ్య రాయమల్లు అనే జోడీదారు వంగి, జారిన బొగ్గు ఎత్తుతున్నాడు. "జరుగు" అని అరవాలి. ఆ ఒక్క మాట గొంతులో ఇరుక్కుపోయింది. ఏం చేయాలో తోచక చేతిలో ఉన్న నీళ్ల డబ్బా విసిరాడు. అది రాయమల్లు వీపుకు తగిలింది. రాయమల్లు ఉలిక్కిపడి పక్కకు దూకాడు గాని, ఒక పాదం టబ్బు చక్రం కింద నలిగింది.

దవాఖానలో మంచం మీద పడుకుని రాయమల్లు నవ్వుతూనే మాట్లాడాడు. "నువ్వు డబ్బా ఇసరకపోతే నా నడుమే పోయేది. కాలుదేముంది తమ్మీ, అతుకుతది." ఆ మాటతో సామ్యేల్‌కు పెద్ద బరువు దిగింది. అయినా మళ్లీ లోపలికి దిగాలంటే వెనకాడేవాడు. తన గొంతు మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడితే ఎట్లా అన్నదే ఆయన భయం. అధికారులు కూడా ఆలోచించి ఆయనను ల్యాంప్ రూంకు మార్చారు. బావిలోకి దిగేవాళ్లు తమ నంబరు బిళ్ల ఇస్తే టోపీకి పెట్టుకునే దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. కిటికీ అవతల నుంచి చేయి వస్తుంది, ఇవతల నుంచి దీపం పోతుంది. మాటతో పని లేదు. సామ్యేల్‌కు హాయిగా ఉండేది.

మొదటి షిఫ్టు దిగాక ఆయన కాలనీ వెనక మైదానంలో కూర్చునేవాడు. బడిలో డ్రిల్లు మాస్టరు ఆగయ్య సారు సాయంత్రాలు అక్కడ ఆడపిల్లలకు ఖోఖో నేర్పేవాడు. ఆడపిల్లలు గంతులేయడమేమిటని మొదట్లో గొణిగినవాళ్లు కూడా కొన్నాళ్లకు, బావి కోసం తెచ్చి అక్కడ పడేసిన దుంగల మీద వరుసగా కూర్చుని చూడడం అలవాటు చేసుకున్నారు. సున్నంతో గీతలు గీయడానికి మనిషి కావలసి వస్తే సామ్యేల్ లేచి వెళ్లాడు. అలా గీతలు గీస్తూ, ఆట చూస్తూ, ఆ ఆట నియమాలన్నీ వంటబట్టించుకున్నాడు.

ఖోఖోలో తరిమే జట్టు వాళ్లు ఎనిమిది మంది నడి గీత మీద వరుసగా కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి అవతలి జట్టు వాళ్లను తరుముతుంది. గీతకు రెండు చివర్లా రెండు స్తంభాలు. ఒక స్తంభం వైపు పరుగు మొదలుపెట్టిన అమ్మాయి ఆ స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు. భుజం తిప్పినా తప్పే. అలా తప్పు చేసి ఎవరినైనా ముట్టుకుంటే, ఆ ముట్టుకోవడం చెల్లదు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. ఎవరు ఎప్పుడు తిరిగారో చూసి వెంటనే ఈల ఊదడం, నడి గీతకు అటొకరు ఇటొకరుగా నిలబడే ఇద్దరు అంపైర్ల పని.

ఒకరోజు అంపైర్లలో ఒక టీచరు రాలేదు. ఆగయ్య సారు తన జేబులో ఉన్న రెండో ఈల తీసి సామ్యేల్ చేతిలో పెట్టాడు. సామ్యేల్ గాభరాగా తన గొంతు చూపించి తల అడ్డంగా ఊపాడు.

"సీటీకి నత్తి ఉండది అన్నా. నువ్వు చూడు, ఊదు. గంతే" అన్నాడు ఆగయ్య సారు.

నిజంగానే ఈలకు నత్తి లేదు. తప్పు కనిపించిన మరుక్షణం అది కుయ్యిమనేది. చెయ్యి ఎటు చూపితే అందరూ అటు చూసేవారు. అన్నేళ్లుగా తన నోటి నుంచి సరిగా వెళ్లని ఆజ్ఞ, ఇప్పుడు ఊపిరితో పాటు వెళ్లిపోతోంది. రెండు మూడేళ్లు గడిచేసరికి ఆ చుట్టుపక్కల పిల్లల ఆటలెక్కడ జరిగినా సామ్యేల్ కాకే అంపైరు. ఈలకు దారం కట్టుకునే అలవాటు మాత్రం ఆయనకు లేదు. ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా అది పళ్ల మధ్యే ఉండేది. దారంతో మెడలో వేలాడే ఈలను నోటికి తెచ్చుకునేలోగా ఆలస్యమైపోతుందని ఆయన నమ్మకం.

డెబ్భై నాలుగులో, చలికాలం, ఒక ఆదివారం కాసిపేట పిల్లలు రైల్లో రామగుండం స్టేషనులో దిగి, అక్కడి నుంచి గోదావరిఖని వచ్చారు. ఆ ఏడు చుట్టుపక్కల బడులన్నింటి పోటీలో చివరికి మిగిలిన జట్లు ఆ రెండే. మైదానం నిండిపోయింది. రెండో షిఫ్టు వాళ్లు తప్ప కాలనీ అంతా అక్కడే ఉంది. యేసమ్మ దుంగల మీద ముందు వరుసలో కూర్చుంది.

గోదావరిఖని జట్టుకు పేరు తెచ్చింది ఆబిదా. కంపెనీ గ్యారేజీలో మెకానిక్కు గులాం అలీ కూతురు. ఓణీ నడుముకు బిగించి కట్టి పరుగెత్తిందంటే ఎవరికీ అందేది కాదు. గులాం అలీ ఆ రోజు తెల్లని లాల్చీ వేసుకుని, తనే ఆడుతున్నంత హడావిడిగా గీత పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాసిపేట వైపు సారవ్వ అనే సన్నటి పిల్ల ఉంది. దొరికినట్టే దొరికి జారిపోయేది.

చివరి వంతు ముగింపుకు వచ్చేసరికి రెండు జట్లకూ లెక్క సమానం. గోదావరిఖని తరుముతోంది, సారవ్వ తప్పించుకుంటోంది. గంట కొట్టే మనిషి వేలాడదీసిన రైలుపట్టా ముక్క ముందు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. సారవ్వను ముట్టుకుంటే గోదావరిఖని గెలుస్తుంది. లేకపోతే సమానంగా మిగిలిపోయి, రెండు జట్లూ మళ్లీ చెరో వంతు ఆడాలి.

సామ్యేల్ ఉత్సాహంలో అంచు గీత దాటి ఒక అడుగు లోపలికి వచ్చాడు. రాకూడదు. ఆబిదా స్తంభం వైపు దూసుకొస్తుంటే సారవ్వ ఒక్కసారిగా పక్కకు మళ్లి సామ్యేల్ మీదికే వచ్చింది. ఆమె మోచెయ్యి ఆయన దవడకు తగిలింది. ఈల ఎగిరి దుమ్ములో పడింది. సరిగ్గా అప్పుడే సారవ్వను దాటిపోయిన ఆబిదా భుజం వెనక్కి తిప్పి, చెయ్యి చాచి, ఆమె వీపు ముట్టుకుంది.

సామ్యేల్ చూశాడు. భుజం తిరగడం ముందు, చెయ్యి తగలడం తరువాత. అనుమానం లేదు. "ఫౌల్" అనాలి. "ఫ… ఫ…" అంటూ పెదవులు వణికాయి గాని మాట రాలేదు. అవతలి వైపు అంపైరుకు తిరిగిన భుజం కనిపించలేదు, తాకిన చెయ్యి మాత్రమే కనిపించింది. ఆయన ఈల ఊది చెయ్యి ఎత్తాడు. పట్టా ముక్క మీద సుత్తి మోగింది. జనం గోల చేసుకుంటూ మైదానంలోకి వచ్చేశారు.

సామ్యేల్ వంగి ఈల తీసుకుని, చొక్కాకు తుడిచి, గట్టిగా ఊదాడు. సంబరానికి ఊదుతున్నాడనుకున్నారు. మళ్లీ ఊదాడు. పిల్లలు నోట్లో వేళ్లు పెట్టుకుని వాళ్లూ ఈలలు వేశారు. అన్నేళ్లలో మొదటిసారి ఆ ఈల ఎందుకూ పనికిరాలేదు.

ఆయన మనుషులను తోసుకుంటూ ఆగయ్య సారు దగ్గరికి వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు. రిఫరీ ఆయనే. సామ్యేల్ తన భుజం వెనక్కి తిప్పి చూపించి, ఆబిదా వైపు వేలు పెట్టాడు.

ఆగయ్య సారు ముఖంలో నవ్వు తగ్గింది. "ముట్టకముందే తిరిగిందా?"

సామ్యేల్ తల ఊపాడు.

"పక్కానా అన్నా?"

మళ్లీ ఊపాడు. ఆగయ్య సారు ఎగురుతున్న తన జట్టు వైపు చూశాడు. గెలిచింది ఆయన నేర్పిన పిల్లలే.

"ఇంక గెలుపు చెప్పలేదు. సరిచేసుకోవచ్చు" అన్నాడు చివరికి. "కని నేను చెప్తే ఎవలు ఇంటరు? నేను అంత దూరంల ఉంటి. చూసింది నువ్వు. నువ్వే చెప్పాలె."

జనాన్ని గీతల అవతలికి పంపడానికి చాలాసేపు పట్టింది. అంపైరు ఏదో చెబుతాడట అనేసరికి గొణుగుడు మొదలైంది. గులాం అలీ ముందుకు వచ్చాడు. "ఏం చెప్తడు? ఆట ఒడిసింది గదా! తప్పుంటే అప్పుడే ఎందుకు ఊదలే?"

ఆ ప్రశ్న న్యాయమైనదే.  అన్ని ముఖాలూ ఆయన నోటి వైపే చూస్తున్నాయి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

యేసమ్మ దుంగల మీది నుంచి దిగి, కొంగు నడుముకు చెక్కుకుంటూ గబగబా వచ్చింది. "అందరు మీద పడితె ఆయన ఎట్ల చెప్తడు? జరుగుండ్రి, నేను చెప్త…"

సామ్యేల్ చెయ్యి ఎత్తాడు. ఆటలో ఆపమని చూపే చెయ్యి అది. కానీ ఈసారి యేసమ్మకు చూపించాడు. ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమెను మాట్లాడొద్దనడం అదే మొదటిసారి.

"ఆ… ఆ… ఆబిదా" అన్నాడు సామ్యేల్. ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ముట్ట… ముట్టకముందే… ఎ… ఎనుకకు తిరిగింది. నేను చూ… చూసిన."

"అయితే ఊదలేదేంది?" అన్నారెవరో.

"సీ… సీ…" ఆ మాట ఎంతకీ రాలేదు. కళ్లు మూసుకున్నాడు. ముందు వరుసలో ఒకాయన "సీటీ" అని అందించబోతే ఆగయ్య సారు వేలితో ఆపాడు.  దూరంగా బొగ్గు బండి షంటింగు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. "సీటీ పడిపోయింది. నేను… గీత దాటి లో… లోపల నిలబడ్డ. అది నా తప్పు. పి… పిల్లది కాదు. ఆ పా… పాయింటు చెల్లది."

అంతే. చెప్పడం అయిపోయింది.  జనంలో గొడవ ఇంకా మొదలు కానేలేదు. అంతలోనే జట్టు పిల్లల మధ్య నుంచి ఆబిదా ముందుకు వచ్చింది. గెలిచినందుకు మెడలో వేసిన బంతిపూల దండ తీసి చేతిలో పట్టుకుంది.

"ఔ కాకా. నేను తిరిగిన" అంది.

గులాం అలీ కూతురి దగ్గరికి వచ్చి నెమ్మదిగా, ఇంటి భాషలో ఏదో అడిగాడు. ఆమె అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే జవాబిచ్చింది. "తిరిగిన అబ్బా. సీటీ వస్తదనుకున్న. రాలే. అందరు ఎత్తుకునేసరికి ఏం చెప్పాలెనో తెల్వలే." ఏడుస్తుందనుకున్నారు. కానీ ఆమె పెద్దగా ఊపిరి వదిలి, ముఖం తుడుచుకుని, చాలాసేపటికి మొదటిసారి నవ్వింది. 

 ఆగయ్య సారు పాయింటు కొట్టేసి, మళ్లీ చెరో వంతు ఆడించాడు. సామ్యేల్ ఈసారి గీత బయటే నిలబడ్డాడు. యేసమ్మ లేచి నిలబడి, ఎవరు పరుగెత్తినా వాళ్ల పేరు పెట్టి అరిచింది. ఏ ఊరి పిల్ల అన్నది కూడా చూడలేదు.

తమ వంతులో ఒకరిని ఎక్కువ ముట్టుకుని కాసిపేట గెలిచింది. ఆబిదా ఎంత పరుగెత్తినా సారవ్వ మళ్లీ దొరకలేదు. గోదావరిఖని పిల్లలు కాసేపు గడ్డి పీకుతూ కూర్చుని, తర్వాత లేచి వాళ్లతో చేతులు కలిపారు. రాళ్లు పడతాయేమో అని భయపడిన కాసిపేట టీచరమ్మ ముఖం తేటపడింది.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ రైలు సంగతి. చెరో వంతు ఆడేసరికి పొద్దు వాలిపోయింది. ఇప్పుడు నడిచి వెళితే స్టేషనులో బండి అందదు. టీచరమ్మ కంగారు పడుతుంటే గులాం అలీ లాల్చీ చేతులు పైకి మడిచాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. మా దోస్తు లారీ ఉంది. ఎక్కుండ్రి పిల్లలూ, జల్ది!" అని పరుగు తీశాడు. ఇందాక కోపంతో వేలు చూపించిన మనిషే, స్టీరింగు పట్టుకుని హారను కొట్టుకుంటూ వచ్చాడు.

సామ్యేల్ కూడా పిల్లలతో వెనక ఎక్కాడు. దారంతా గుంతలు. సారవ్వ ఆయన దవడ వైపు చూసి, "నొచ్చిందా కాకా? కావాలని కొట్టలే" అంది భయంగా.

"తె… తెలుసు బిడ్డా" అన్నాడాయన. "నువ్వు మం… మంచిగ ఆడినవ్." తనంతట తాను ఒక కొత్త మనిషితో మాట్లాడానని ఆయనకు కాసేపటికి గాని తట్టలేదు.

రామగుండం స్టేషనులో ప్లాట్‌ఫారం ఖాళీగా కనిపించేసరికి టీచరమ్మ గుండె జారింది. బండి వెళ్లిపోలేదు, ఇంకా రానేలేదు. ఆలస్యంగా నడుస్తోందని పోర్టరు చెప్పగానే పిల్లలు లారీలోనే కేరింతలు కొట్టారు. గులాం అలీ అందరికీ చాయ్ తెప్పించాడు. సామ్యేల్ పక్కన బెంచీ మీద కూర్చుని, "నాకు గుస్సా వచ్చింది సామ్యేల్ భాయ్. కని నువ్వు చెప్పకపోతే నా బిడ్డ ఆ దండ ఇంట్ల పెట్టుకుని రోజు ఏడ్చేది" అన్నాడు. సామ్యేల్ జవాబు వెతుక్కుంటుంటే, ఆయన చాయ్ ఊదుకుంటూ తొందర లేకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున యేసమ్మ లేచి ఏదో చెప్పబోయింది. గొంతు రాలేదు. నిన్నంతా అరిచిన అరుపులకు పూర్తిగా పోయింది. గాలి తప్ప శబ్దం లేదు. సైగలతో తిట్టింది, సైగలతోనే దవాఖానకు తీసుకుపొమ్మంది.

దవాఖానలో డాక్టరు ఎప్పటిలాగే యేసమ్మ వైపు చూసి "ఏమైందమ్మా ఆయనకు?" అని అడిగాడు. ఆమె తన గొంతు చూపించి మొగుడి వైపు వేలు పెట్టింది. డాక్టరు సామ్యేల్ వైపు తిరిగాడు.

"నా… నాకు కాదు సార్" అన్నాడు సామ్యేల్. "ఆ… ఆమెకు. గొ… గొంతు పోయింది. ని… నిన్న ఆటల బా… బాగ ఒర్రింది."

డాక్టరు కలం పక్కన పెట్టి మాట పూర్తయ్యేదాకా విన్నాడు. మందు రాసిచ్చి, నాలుగు రోజులు మాట్లాడొద్దని ఆమెను హెచ్చరించాడు. బయటికి వచ్చాక వేపచెట్టు కింద కూర్చుని యేసమ్మ నవ్వడం మొదలుపెట్టింది, శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోయేలా. తర్వాత గుసగుసగా, ఆయన చెవి దగ్గర అంది: "ఇన్నేండ్లు నీ మాటలు, నా మాటలు, రెండు నేనే మాట్లాడిన. అలిసిపోయిన. ఎవలకు చెప్పలే."

ఆయనకు ఆ సంగతి ఎప్పుడూ తోచలేదు. ఆమెకు మాట్లాడడం ఇష్టం అనుకున్నాడు.

తర్వాత కూడా సామ్యేల్ నత్తి పోలేదు. చర్చిలో వాక్యం చదవమంటే ఎప్పుడూ యేసమ్మనే ముందుకు తోసేవాడు. ఈలకు మాత్రం దారం కట్టుకున్నాడు. ఇంకో నాలుగైదేళ్లు ఆ మైదానంలో పిల్లల ఆటలు నడిపించాడు. ఎప్పుడైనా ఊదడం ఆలస్యమైతే, పొరపాటు పడితే, రెండు చేతులూ పైకెత్తి ఆట ఆపేవాడు. "ఆ… ఆగుండ్రి" అనేవాడు. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఉండేవారు. ఆ కాస్సేపు విశ్రాంతి దొరికినందుకు వాళ్లకూ సంతోషంగానే ఉండేది.